ఇద్దరు వెంకటేశ్వర్లు, ఒక ఖాతా పుస్తకం: కమ్యూనిటీ కాలేజీలో బీఐఎస్ అంటే ఏమిటి?

నమస్తే అండీ. డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లలో ఎవరింటికి భోజనానికి వెళ్లినా, కాలేజీలు తెరిచే ముందు ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "అక్కా, మావాడు రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలో బిజినెస్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, అదే బీఐఎస్, తీసుకుంటానంటున్నాడు. అది ఎక్సెల్ నేర్పే కోర్సే కదా? కంప్యూటర్ సైన్స్ రానివాళ్లు తీసుకునేది కదా?" విన్న ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది, ఎందుకంటే పక్కనే ఆ పిల్లవాడు తల దించుకుని కూర్చుని ఉంటాడు.

ఆ అపోహ ఊరికే పుట్టలేదు లెండి. టెక్సాస్‌లో ఈ చదువుకు మొదటి మెట్టు బీసీఐఎస్ 1305, అంటే బిజినెస్ కంప్యూటర్ అప్లికేషన్స్. సిలబస్ తెరిస్తే వర్డ్ ప్రాసెసింగ్, స్ప్రెడ్‌షీట్, డేటాబేస్, ప్రెజెంటేషన్ అని ఉంటుంది. చాలామంది మొదటి రెండూ చూసి "ఇవి మావాడికి ఎనిమిదో తరగతిలోనే వచ్చు" అని ఆపేస్తారు. అసలు కథ మూడోదానిలో, డేటాబేస్‌లో ఉంది. అది కంప్యూటర్లో ఉండే ఖాతా పుస్తకం లాంటిదే.

[తెర మీద: ఎర్ర అట్ట ఖాతా పుస్తకం]

తెనాలిలో మా నాన్నగారికి కిరాణా కొట్టు ఉండేది. గల్లాపెట్టె పక్కనే పొడుగాటి ఖాతా పుస్తకం. అరువు తీసుకునే ఒక్కొక్కరికీ ఒక పేజీ. మా వీధిలో వెంకటేశ్వర్లు గార్లు ఇద్దరు ఉండేవాళ్లు. ఒకసారి ఒకాయన కందిపప్పు, నూనె పద్దు వెళ్లి ఇంకొకాయన పేజీలో పడింది. నెలాఖరున కొట్టు ముందు పెద్ద గొడవ. ఆ రోజు నుంచి నాన్న "టైలర్ వెంకటేశ్వర్లు", "మేడింటి వెంకటేశ్వర్లు" అని రాయడం మొదలుపెట్టారు.

డేటాబేస్ క్లాసులో ప్రైమరీ కీ అని చెప్పేది దీని గురించే. ఏ ఇద్దరికీ ఒకటే ఉండకూడని గుర్తు అది. కానీ కథ అక్కడితో అయిపోలేదు. కొన్నేళ్లకు టైలర్ గారు మిషన్ అమ్మేసి టీ కొట్టు పెట్టారు. పుస్తకంలో మాత్రం టైలర్ అనే ఉంది. కొత్తగా చేరిన గుమస్తాకి ఆయనెవరో అర్థం కాలేదు. కాబట్టి గుర్తు అనేది మనిషి పనితోనో, ఇంటితోనో ముడిపడకూడదు, మారని నంబరు అయితే మంచిది. కాలేజీలో చేరగానే మీకు స్టూడెంట్ నంబరు ఇచ్చేది అందుకే. మీ పేరు మారినా, ఇల్లు మారినా అది మారదు.

ఇంకో సంగతి. అదే వెంకటేశ్వర్లు గారి చిరునామా అరువు పుస్తకంలో ఉంది, చిట్టీల పుస్తకంలో ఉంది, ఇంటికి సరుకు పంపే పుస్తకంలోనూ ఉంది. ఆయన ఇల్లు మారితే నాన్న రెండు చోట్ల దిద్ది, మూడోది మర్చిపోయారు. బియ్యం బస్తా పాత ఇంటికి వెళ్లింది. ఒక విషయాన్ని ఒకే చోట రాసి, మిగతా పుస్తకాలు అక్కడికే చూసేలా చేయాలి. నార్మలైజేషన్ అని పిల్లలు భయపడే పాఠానికి ప్రాణం ఇదే. బట్టీ పట్టకండి, ఆ బియ్యం బస్తాని గుర్తుపెట్టుకోండి.

ఇంతవరకు కంప్యూటర్ సైన్స్‌లోనూ చెబుతారు. బీఐఎస్ వేరయ్యేది ఇక్కడి నుంచి. పుస్తకం ఎంత చక్కగా గీసినా, సాయంత్రం ఆరింటి రద్దీలో గుమస్తా "తర్వాత రాద్దాం లే" అని పద్దు వదిలేస్తే? కంప్యూటర్ సైన్స్ గొప్ప చదువే, ఆ పుస్తకాన్ని లక్ష పేజీలకు పెంచినా చిటికెలో వెతికేలా చేస్తుంది. బీఐఎస్ అడిగే ప్రశ్నలు వేరు. పద్దు ఎవరు రాస్తారు, ఎప్పుడు రాస్తారు, రాయకపోతే ఎవరికి నష్టం, ఆ లెక్క చూసి యజమాని ఏ నిర్ణయం తీసుకుంటాడు? అందుకే ఇందులో అకౌంటింగ్ ఉంటుంది, ఎకనామిక్స్ ఉంటుంది. ఏసీసీటీ 2301 అనే అకౌంటింగ్ కోర్సు చదివినవాడు వెంకటేశ్వర్లు గారి పేజీ చూసి "ఇది మనకు రావాల్సిన బాకీ, కాగితం మీద ఆస్తే, కానీ సంక్రాంతికి బెల్లం దింపుకోవడానికి చేతిలో డబ్బు లేదు" అని చెప్పగలడు. ఆ ఒక్క మాట చెప్పగలిగే మనిషి కోసం కంపెనీలు వెతుకుతాయి. ఇది తక్కువ చదువు అంటే నేను ఒప్పుకోను.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

టెక్సాస్ కోర్సు నంబర్లు చదవడం నేర్చుకోండి. 1305లో మొదటి అంకె 1 అంటే మొదటి ఏడాది స్థాయి, రెండో అంకె 3 అంటే మూడు క్రెడిట్లు, డిగ్రీకి లెక్కకొచ్చే పాయింట్లు అనుకోండి. ఇప్పుడు జాగ్రత్తగా వినండి. ఐటీఎస్‌సీ 1309 అని ఇంకో కోర్సు ఉంది, అందులోనూ ఇవే సాఫ్ట్‌వేర్లు. చూడ్డానికి రెండూ ఒకటే, మన వెంకటేశ్వర్లు గార్లలాగే. బీసీఐఎస్ యూనివర్సిటీకి బదిలీ అయ్యే లెక్కలోది. ఐటీఎస్‌సీ ఉద్యోగ శిక్షణ లెక్కలోది, నాలుగేళ్ల డిగ్రీలో కలవకపోవచ్చు. డిగ్రీల్లోనూ అంతే. అసోసియేట్ అంటే కమ్యూనిటీ కాలేజీ ఇచ్చే రెండేళ్ల డిగ్రీ. అందులో అసోసియేట్ ఆఫ్ అప్లైడ్ సైన్స్ నేరుగా ఉద్యోగం కోసం. తర్వాత యూనివర్సిటీకి వెళ్లాలనుకుంటే అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్ లేదా సైన్స్ వైపు చూడండి.

42 క్రెడిట్ల కోర్, అంటే ఏ డిగ్రీ అయినా అందరూ చదవాల్సిన సాధారణ కోర్సులు, పూర్తి చేసుకుంటే టెక్సాస్‌లో ఏ ప్రభుత్వ యూనివర్సిటీ అయినా దాన్ని మొత్తంగా తీసుకోవాలి. డిగ్రీ పేరు మారితే కంగారు పడకండి, టెక్సాస్ ఏ అండ్ ఎంలో దీన్ని మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అంటారు.

హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా మీద ఉన్న చెల్లెళ్లు చాలామంది అడుగుతున్నారు. ఆ వీసాతో చదువుకోవచ్చు, దానికి ఎఫ్-1 అనే విద్యార్థి వీసాకి మారక్కర్లేదు. ఉద్యోగానికి మాత్రం వర్క్ పర్మిట్ కావాలి.

ఫీజు కట్టే ముందు, మీరు చేరదలచుకున్న యూనివర్సిటీకి ఈమెయిల్ పెట్టండి. "ఫలానా నంబరు కోర్సు మీ డిగ్రీలో ఏ కోర్సుగా లెక్కకొస్తుంది?" అని కోర్సు నంబరుతో సహా అడగండి. ఫోన్లో చెప్పారని వదిలేయకుండా, జవాబు రాతలో తీసుకుని దాచుకోండి.