ఫెలోషిప్ గడువు అయ్యాక బడికి దిక్కెవరు?

(నెల్లూరు స్టూడియో చర్చ. ఉదయగిరి పక్క ఒక ఊళ్ళో ఫెలో, అంటే ఒక సంస్థ స్టైపెండ్ ఇచ్చి కొంతకాలం ఊళ్ళో పనిచేయడానికి పంపిన కుర్రాడు, మధ్యలోనే వెళ్ళిపోయి సాయంత్రం బడి మూతపడింది. ఆ గొడవ మీద ఐదుగురం కూర్చున్నాం. మాటలు కలిసిపోయినచోట అలాగే ఉంచాం.)

యాంకర్: గాంధీ ఫెలోషిప్ 2008లో వచ్చింది, టీచ్ ఫర్ ఇండియా ఫెలోషిప్ 2009లో, ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా 2011లో. పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం ఇలాంటి సేవా పనులకు పెట్టాలన్న నిబంధన 2014 నుంచి అమల్లో ఉంది. నా ప్రశ్న ఒక్కటే. గడువు అయ్యాక ఎంతమంది ఇక్కడ ఉన్నారు? అమ్మా, మీరు చెప్పండి.

తల్లి: మావాడు మూడో తరగతండీ. ఆ అబ్బాయి వచ్చాకే కూడబలుక్కుని చదవడం నేర్చాడు. దసరాకి ఇంటికని వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. పుస్తకాల ట్రంకుపెట్టె మా పంచలోనే ఉంది. తాళంచెవి అతని దగ్గరే ఉండిపోయింది. మావాడు రోజూ మూత సందులోంచి...

రిటైర్డ్ హెడ్మాస్టర్: అదీ! తాళంచెవి! ఊరివాళ్ళ చేతికి ఇవ్వలేదు. నేను మొత్తుకునేది అదే.

మాజీ ఫెలో: మాస్టారూ, ఒక్కడు వెళ్ళాడని అందరినీ...

హెడ్మాస్టర్: ఉండు బాబూ. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు ఈ జిల్లాలో రాత్రి బడులు నడిపిందెవరు? ఊరి పిల్లలే! లాంతరు పెట్టుకుని. ఆ చదువులోంచే దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబర్లో రాష్ట్రమంతా సారా ఆగింది. ఏ ఫెలో వచ్చాడు అప్పుడు?

యాంకర్: అంటే అప్పటివాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు. ఇప్పటివాళ్ళు?

మాజీ ఫెలో: నేను నెల్లూరులోనే ఉన్నా కదండీ. పుణెలో ఐటీచ్ స్కూల్స్ పెట్టింది టీచ్ ఫర్ ఇండియా పూర్వ ఫెలోలే. ఉద్యోగానికి పోయినా బడి గురించి ఆలోచించడం...

హెడ్మాస్టర్: పుణె సంగతి మనకెందుకయ్యా? ఉదయగిరి సంగతి చెప్పు!

మాజీ ఫెలో: ఉదయగిరే చెప్తా. చెక్క చెంచాలు చేసేవాళ్ళకి ఆన్‌లైన్‌లో ఆర్డర్లు తెప్పించాం.

హెడ్మాస్టర్: ఆర్డర్లు సరే, నర్ది కర్ర ఎక్కడ దొరుకుతోంది? అడవికి పోతే...

(ఇద్దరూ ఒకేసారి. చెక్క చెంచాల మీదే రెండు నిమిషాలు నడిచింది.)

యాంకర్: కర్ర పక్కన పెడదాం. నా ప్రశ్న మళ్ళీ అడుగుతున్నా. ఎంతమంది మిగిలారు?

ఫెలోలను పంపే సంస్థ సమన్వయకర్త: ఉండిపోవాలని మేం ఎప్పుడూ చెప్పలేదండీ. ఫెలోషిప్ అంటేనే గడువు. చూసి, నేర్చుకుని, తర్వాత ఎక్కడున్నా...

హెడ్మాస్టర్: నేర్చుకోవడానికి మా పిల్లలే దొరికారా? ఇంటర్వ్యూ ఏ భాషలో పెడతారు?

సమన్వయకర్త: ఎక్కువగా ఇంగ్లీషే. కానీ...

హెడ్మాస్టర్: విన్నారా! కావలిలో డిగ్రీ చేసిన పిల్ల, మెట్ట ఊళ్ళ గుట్టుమట్లు తెలిసిన పిల్ల, ఇంగ్లీషు తడబడితే ఇంటికే. ఊరి భాష రానివాడికేమో జీతం!

మాజీ ఫెలో: అది జీతం కాదు, స్టైపెండ్. గది అద్దెకి, బస్సులకే సరిపోయేది. నేను టెన్షన్‌తో నిద్రపోని రాత్రులు...

యాంకర్: అందుకే ఎవరూ ఉండటం లేదంటారా?

మాజీ ఫెలో: అది కాదండీ నేను చెప్పేది!

తల్లి: ఆ అబ్బాయి మంచోడేనండీ. జ్వరమొస్తే కూడా బడి మానలేదు. వెళ్తున్నానని ఒక్క మాట చెప్పుంటే...

హెడ్మాస్టర్: మంచితనం కాదమ్మా సమస్య. ఊరివాళ్ళని తీసుకోవాలి. ఊరివాళ్ళని!

యాంకర్: టైమ్ అయిపోయింది. మాస్టారు చెప్పిందాంట్లో బలముంది, ఎంతమంది మిగిలారో ఎవరూ చెప్పలేదు.

సమన్వయకర్త: నాకు ఒక్క నిమిషం ఇవ్వండి...

తల్లి: ఆ పెట్టె తాళం పగలగొట్టమంటారా అయితే?

హెడ్మాస్టర్: పగలగొట్టండమ్మా! పుస్తకాలు పిల్లలవి.