దేవధర్ మాస్టారి గురించి నాలుగు మాటలు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ ఇందాకే చదివేశారు కాబట్టి నేను మళ్ళీ చదవను, ఏమీ అనుకోకండి. కార్డులో నా టాపిక్ "క్రీడలు - విద్యార్థి వికాసం" అని వేశారు. ఇవాళ ఆగస్టు 29, ధ్యాన్‌చంద్ గారి పుట్టినరోజు, ఆయన గురించి మన పీడీ గారు, అదే ఆటల మాస్టారు, చాలా బాగా చెప్పారు. నేను మాత్రం ఇంకొకాయన్ని తల్చుకుందామని వచ్చాను. సంస్కృతం చెప్పుకుని బతికినవాణ్ణి, నాకు ఆయనంటే ప్రాణం.

దినకర్ బల్వంత్ దేవధర్. 1892లో పుట్టారు. పుణెలో ఎస్పీ కాలేజీ అంటారు, సర్ పరశురాంభావు కాలేజీ, అక్కడ సంస్కృతం ప్రొఫెసర్. క్రికెట్లో దేవధర్ ట్రోఫీ అని పేపర్లో చూసుంటారు కదా, 1973లో మొదలైంది, ఆ దేవధర్ ఈయనే. ట్రోఫీ పేరు తెలిసినవాళ్ళలో చాలామందికి ఆయన సంస్కృతం మాస్టారని తెలీదు, సంస్కృతం వాళ్ళకేమో ఆయన క్రికెటర్ అని తెలీదు. నా బాధంతా అక్కడే ఉంది.

1926లో ఇంగ్లండు నుంచి ఎంసీసీ, అంటే మెరిలిబోన్ క్రికెట్ క్లబ్, టీమ్ వచ్చింది, గిల్లిగన్ కెప్టెన్. అప్పటికి మనకింకా టెస్ట్ హోదా లేదు. బొంబాయిలో మన సీకే నాయుడు గారు హిందూస్ టీమ్ తరఫున ఆడి 153 కొట్టారు, అందులో పదకొండు సిక్సర్లు. తెలుగువాళ్ళం కాబట్టి ఆ కథ మనకి ఉగ్గుపాలతో పోశారు, పొయ్యాల్సిందే. కానీ ఆ తర్వాత అదే ఊళ్ళో అదే టీమ్ మీద ఆలిండియా తరఫున 148 కొట్టిన మాస్టారి సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, పెద్దయ్యాక నేనే చదువుకుని తెలుసుకున్నాను. మనవాళ్ళు కూడా టెస్టులు ఆడగలరు అని దొరలు ఒప్పుకోడానికి ఈ రెండు ఇన్నింగ్సులూ సాయపడ్డాయి. తీరా 1932లో లార్డ్స్‌లో మన మొదటి టెస్ట్ జరిగేసరికి దేవధర్ గారికి నలభై నిండాయి, ఆ టీమ్‌లో ఆయన లేరు. జీవితంలో ఒక్క టెస్ట్ కూడా ఆడలేదు.

ఇంకొకరైతే బ్యాటు అటక మీద పడేసి పుస్తకాలు సర్దుకునేవారు. ఈయన అసలు ఆట అప్పుడు మొదలెట్టారు! మహారాష్ట్రకి కెప్టెన్‌గా 1939-40లో రంజీ ట్రోఫీ గెలిపించారు, మరుసటేడు మళ్ళీ గెలిపించారు. ఆ రెండో ఏడు బొంబాయితో మ్యాచ్ గురించి చెప్పకుండా నేను దిగను, టైమ్ అయిపోయిందని చీటీ పంపినా దిగను. మహారాష్ట్ర 675, బొంబాయి 650. తేడా పాతిక పరుగులు. ఆ 675లో కెప్టెన్ దేవధర్ గారు కొట్టింది 246. వయసు నలభై ఎనిమిది. బాబూ, వెనక వరసలో ఫోన్ చూస్తున్న బాబూ, ఒక్క నిమిషం ఇటు విను. నలభై ఎనిమిదేళ్ళంటే మీ నాన్నగారి వయసు. ఆ వయసులో అంతసేపు వికెట్ల మధ్య పరిగెత్తి, అవతలి టీమ్ 650 కొడుతున్నంతసేపూ ఎండలో ఫీల్డింగ్ నిలబెట్టి, బౌలర్లని మార్చుకుంటూ, ఆ పాతిక పరుగులు చెయ్యి జారనివ్వలేదు. ఆ తర్వాత 1944లో, యాభై రెండేళ్ళప్పుడు, నవానగర్ టీమ్ మీద ఒకే మ్యాచ్‌లో రెండు సెంచరీలు, 105, 141.

ఆ మ్యాచ్ అయ్యాక ఆయన క్లాసుకి ఎలా వెళ్ళుంటారా అని నేను చాలాసార్లు ఊహించుకున్నాను. బ్యాటు పట్టి కాయలు కాసిన చెయ్యి, అదే చేత్తో సుద్దముక్క. బోర్డు మీద విభక్తులు రాస్తుంటే పిల్లలు బోర్డు చూశారో ఆ చెయ్యే చూశారో.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. నేను ఇంటర్ పిల్లలకి సంస్కృతం చెప్పాను, మీ అందరికీ తెలుసు, ఇంటర్‌లో సంస్కృతం ఎందుకు తీసుకుంటారు? మార్కుల కోసం. నా దగ్గర ఒక కుర్రాడు వందకి తొంభై ఎనిమిది తెచ్చుకున్నాడు, ఒక్క శ్లోకం ఇచ్చి చదవరా అంటే నాగరి లిపి రాదు సార్ అన్నాడు. వాడు హైజంప్ అద్భుతంగా చేసేవాడు, అంత ఎత్తు తాడు మీంచి అలవోగ్గా వెళ్ళి పడుతుంటే చూడ్డానికి రెండు కళ్ళూ చాలేవి కావు. సెకండియర్‌లో యాజమాన్యం పిలిచి ఎంసెట్ అయ్యేదాకా గ్రౌండ్ వైపు వెళ్ళకు అంది. వాడు మళ్ళీ వెళ్ళలేదు. ఆ తొంభై ఎనిమిది చూసినప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది, సంస్కృతమూ రాలేదు, హైజంపూ పోయింది.

ఆటని కూడా అలాగే చేశాం. ఒక తండ్రి వచ్చి "సార్, ఏ గేమ్ అయితే సర్టిఫికెట్ తొందరగా వస్తుంది?" అని నా ముందే పీడీ గారిని అడిగాడు. ఆయన్ని తిట్టను, స్పోర్ట్స్ కోటా సీటు దొరికితే ఆ ఇంటికి ఎంత ఊరటో నాకు తెలుసు. కానీ భాష కూడా మార్కుల కోసమే, ఆట కూడా మార్కుల కోసమే అయితే ఆ పిల్లాడికి ఇష్టమని మిగిలేదేంటి? దేవధర్ గారు టెస్ట్ క్యాప్ ఇస్తారని ఆడలేదు, ఎలాగూ ఇవ్వలేదు. యాభై దాటాక పరిగెత్తమని ఆయన్ని ఎవరు అడిగారు? ఎవరూ అడగలేదు, అయినా పరిగెత్తారు.

ఇంట్లో కూడా అంతే. ఆడపిల్లల్ని గడప దాటనివ్వని రోజులవి, ఆయన కూతుళ్ళు తార, సుందర్, సుమన్ బ్యాడ్మింటన్ రాకెట్లు పట్టుకుని 1940ల్లో జాతీయ టైటిళ్ళు గెలిచారు. ఇది విని ఇక్కడున్న తల్లిదండ్రులు ఒక్కసారి ఆలోచించండి, మీ అమ్మాయి చివరిసారి చెమట పట్టేలా పరిగెత్తింది ఎప్పుడు? పదో తరగతికి రాగానే ఆపేశారా? చేతులెత్తమని అడగను, ఇబ్బంది పెట్టను, కానీ మీకు మీరే చెప్పుకోండి.

1991లో పద్మభూషణ్ ఇచ్చారు, 1993 ఆగస్టులో నూటొక్క ఏళ్ళు నిండిన మనిషి వెళ్ళిపోయారు. అంతకంటే ఆయన చావు గురించి నాకు చెప్పాలని లేదు, ఆ 246 గురించి అయితే రేపటిదాకా చెప్తాను.

ప్రిన్సిపాల్ గారూ, దండలూ శాలువాలూ నాకొద్దు, ఒకటి అడుగుతాను. టైమ్‌టేబుల్‌లో గేమ్స్ అని వారానికి రెండు పీరియడ్లు ఉన్నాయి, పరీక్షలు దగ్గరపడగానే లెక్కలకీ ఫిజిక్స్‌కీ ఇచ్చేస్తున్నారు. ఆ రెండూ ఎవరికీ ఇవ్వకండి, సంస్కృతం వాళ్ళు అడిగినా సరే ఇవ్వకండి. కిట్ రూమ్ తాళం పీడీ గారి దగ్గరే ఉంచండి, ఆఫీసులో వద్దు, ఆఫీసులో ఉంటే సంతకాలయ్యేసరికి బెల్ కొట్టేస్తారు. ఇది మీరు ఈ మైకులోనే, ఇప్పుడే ఒప్పుకుంటే పిల్లలందరూ వింటారు. మీరు మాట్లాడండి సార్, నేను కూర్చుంటాను.