ఖాళీ చేతులతో చేసే డ్యూటీ

శ్రోతలకు నమస్కారం.

నర్సింగ్ విద్యార్థులను క్లినికల్ పోస్టింగులో భాగంగా కౌమార వయసు పిల్లల మానసిక చికిత్స వార్డుకు పంపినప్పుడు, మొదటి రోజు చాలామందికి ఏమీ పాలుపోదు. కట్టాల్సిన కట్లు లేవు, పెట్టాల్సిన సెలైన్లు లేవు, చేతులు ఖాళీ. దాంతో నర్సుల స్టేషన్ దగ్గరే కేస్ షీట్లు తిరగేస్తూ నిలబడిపోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 10 నుంచి 19 ఏళ్ల వయసువాళ్లలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. వాళ్లకు నర్సు చేసే సేవలో ఎక్కువ భాగం పక్కన కూర్చోవడంలోనే ఉంది. నర్సుకూ రోగికీ మధ్య కుదిరే సంబంధమే చికిత్సలో భాగమని అమెరికన్ నర్సు హిల్డెగార్డ్ పెప్లౌ 1952లోనే వివరంగా రాశారు.

కూర్చోవడానికీ పద్ధతుంది. ఎదురుగా కుర్చీ వేసుకుంటే విచారణలా ఉంటుంది. కాస్త ఏటవాలుగా, చేయి చాపినంత దూరానికి కొంచెం అవతలగా కూర్చోవాలి. తలుపుకు అడ్డం పడకూడదు, మనకూ దారి ఉండాలి. "పావుగంట కూర్చుంటాను, మాట్లాడాలనిపిస్తే మాట్లాడు, లేకపోయినా పర్వాలేదు, రేపు పదింటికి మళ్లీ వస్తాను" అని చెప్పి, అన్న టైముకు రావాలి. అయిదు నిమిషాలు ఆలస్యమైనా ఆ పిల్ల గుర్తుపెట్టుకుంటుంది. "ఎందుకలా చేశావ్?" అని అడిగితే నోరు మూతపడుతుంది. "ఆ తర్వాత ఏమైంది?" అంటే కథ ముందుకు నడుస్తుంది.

రహస్యం సంగతి ముందే తేల్చుకోవాలి. "ఎవరికీ చెప్పనంటే చెప్తాను" అని పిల్లవాడు అన్నాక ఆలోచించడం మొదలుపెడితే ఆలస్యమైపోయినట్టే. మొదటి రోజే చెప్పాలి: "నీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పుందని తెలిస్తే, ఎవరైనా నిన్ను బాధపెడుతున్నారని తెలిస్తే, వార్డు టీముకు చెప్పక తప్పదు. అలా చెప్పేటప్పుడు ముందు నీకే చెప్తాను."

విద్యార్థులు అన్నిటికంటే భయపడేది ఒక్క ప్రశ్నకు. చనిపోవాలన్న ఆలోచన గురించి అడిగితే, లేని ఆలోచనను మనమే పుట్టించినట్టవుతుందేమోనని. అలా జరగదు. డొంకతిరుగుడు లేకుండా, గొంతు మార్చకుండా, "చనిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అనే అడగాలి. అవునంటే: చివరిసారి ఎప్పుడు, ఎలా చేయాలో ఆలోచన ఉందా, ఇంతకుముందు ప్రయత్నం జరిగిందా, ఇప్పుడు ఆగడానికి కారణమేంటి? ఆ పిల్లవాణ్ణి ఒంటరిగా వదలకుండా, అక్కడినుంచే ఎవరినైనా పంపి స్టాఫ్ నర్సును పిలిపించాలి. నోట్సు తర్వాత. పీహెచ్‌క్యూ-9 అనే, డిప్రెషన్ తీవ్రతను కొలిచే తొమ్మిది ప్రశ్నల ఫారంలోనూ ఇదే జాగ్రత్త. మొత్తం 27కు 6 వచ్చిందని పక్కన పెట్టేస్తారు గానీ, చనిపోవాలన్న ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాకుండా ఏం పడినా, మొత్తం ఎంతైనా, వెంటనే కూర్చుని మాట్లాడాల్సిందే.

ప్రమాదం ఉన్న పిల్లలను ప్రతి 15 నిమిషాలకు చూసి రాయాల్సిన చార్టును గంటకోసారి నాలుగు గళ్లూ కలిపి నింపేయడం పెద్ద తప్పు. అలాగని గడియారం కొట్టినట్టు ఒకే నిమిషానికి వెళ్లినా చాలదు. మీరెప్పుడు వస్తారో పిల్లలు కనిపెట్టేస్తారు. 15 నిమిషాలు దాటకుండా టైము మారుస్తూ ఉండాలి. నిద్రపోతుంటే దుప్పటి చూసి "నిద్రలో ఉంది" అని రాయకూడదు, ఛాతీ కదలడం కనిపించేదాకా నిలబడాలి. డ్యూటీ మారే అరగంట మరీ జాగ్రత్త, అందరి చూపూ హ్యాండోవర్ మీదే, అంటే తర్వాతి డ్యూటీవాళ్లకు వివరాలు అప్పగించడం మీదే ఉంటుంది.

మాత్ర ఇచ్చాక నీళ్లు తాగించి, నాలుక కింద, బుగ్గల్లో చూడాలి. దాచుకున్న మాత్రలు పోగుపడితే ప్రమాదం. డిప్రెషన్‌కు ఇచ్చే ఫ్లూఆక్సెటిన్ లాంటి మందుల ఫలితం తెలియడానికి వారాలు పడుతుంది. మొదటి వారాల్లో, మోతాదు మారినప్పుడు కొందరిలో అశాంతి, నిద్రలేమి, ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో ఈ రకం మందులకు పిల్లల విషయంలో ప్రత్యేక హెచ్చరిక జోడించింది అందుకే. "ఇంకా తగ్గలేదు" అని పిల్లవాడు విసుక్కుంటే, దాన్ని కూడా రాయాలి.

తీవ్రమైన మానసిక జబ్బులకు ఇచ్చే హాలోపెరిడాల్ అనే మందు మొదలుపెట్టిన కొన్ని గంటల్లోనో, రెండు మూడు రోజుల్లోనో ఒక కుర్రాడి మెడ ఒక పక్కకు లాగేసుకుంటుంది, కనుగుడ్లు పైకి తిరిగిపోతాయి, దవడ బిగుసుకుంటుంది. చూసేవాళ్లు "నాటకం" అంటారు. అది మందు వల్ల వచ్చిన కండరాల బిగుతు, ఈ వయసు మగపిల్లల్లో ఎక్కువ. ఊపిరి ఎలా ఉందో చూసి, వెంటనే డాక్టరును పిలవాలి. డాక్టరు చెప్పిన ప్రోమెథజైన్ లాంటి ఇంజెక్షన్ పడితే సాధారణంగా కాసేపట్లోనే విడుస్తుంది. ఆ కాసేపూ "ఇది మందు వల్ల వచ్చింది, తగ్గిపోతుంది" అని చెబుతూ చేయి పట్టుకుని ఉండాలి.

ఇక రాత. "మొండిగా ఉంది" అన్నది మన తీర్పు. "మూడుసార్లు పిలిస్తే ఒకసారి తలెత్తింది, సగం భోజనం వదిలేసింది, 'నన్నొదిలేయండి' అంది" అన్నది చూసింది, విన్నది. తర్వాత డ్యూటీ నర్సుకు పనికొచ్చేది రెండోదే.

పోస్టింగు ముగిసే తేదీ మొదటి రోజే చెప్పి, మధ్యలో గుర్తుచేస్తుండాలి. ఇదివరకే చాలామంది వదిలివెళ్లిన పిల్లలుంటారు. చివరి రోజు ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకుని పలకకపోయినా, అన్న పావుగంటా ఆ కుర్చీలోనే కూర్చుని, వెళ్తున్నానని చెప్పాకే లేవాలి.