ఏడు రోజులు దాటితే డబ్బు పోయినట్టేనా?

(డిసెంబరు 24, జాతీయ వినియోగదారుల దినోత్సవం, విజయవాడ సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం.

బీసెంట్ రోడ్డులో కొన్న మిక్సీ పాడైతే, దాన్ని సంచిలో పెట్టుకుని ఆ కొట్టుకే వెళ్లి, బల్ల మీద పెట్టి, "ఏమండీ, వారం తిరక్కుండానే ఇలా అయిందేమిటి?" అని యజమానినే అడుగుతాం. ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు అడగడానికి మనిషి కనిపించడు. ఫోనులో చాట్ తెరిస్తే, ముందే రాసిపెట్టిన నాలుగు జవాబులు తిరిగి తిరిగి వస్తుంటాయి. అందుకే మనలో చాలామంది రెండుసార్లు ప్రయత్నించి, విసిగి, "పోనీలే" అని వదిలేస్తున్నారు. ఆ మాట అనవద్దని చెప్పడానికే వచ్చాను.

కిందటి సంక్రాంతికి మా ఇంట్లో 3,800 రూపాయలు పెట్టి ఒక మిక్సీ తెప్పించుకున్నాం. వచ్చిన తొమ్మిదో రోజున గారెలకు నానబెట్టిన మినప్పప్పు వేసి తిప్పగానే రబ్బరు కాలిన వాసన వచ్చింది. జారు ఎత్తి చూస్తే, జారును మోటారుకు కలిపే కప్లర్ పళ్లు అరిగిపోయి, దాని చుట్టూ నల్లటి పొడి రాలి ఉంది. అమ్మినవారికి చెబితే, "రిటర్న్ గడువు ఏడు రోజులే, అది అయిపోయింది" అన్నారు.

ఇక్కడే మనం పొరపడుతున్నాం. వస్తువు నచ్చలేదని వెనక్కి పంపడానికి విక్రేత పెట్టుకున్న గడువు వేరు, లోపమున్న వస్తువు విషయంలో చట్టం మనకిచ్చిన రక్షణ వేరు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం, వస్తువులో లోపమున్నా, అది నకిలీదైనా, ప్రకటనలో చూపిన లక్షణాలు దానికి లేకపోయినా, విక్రేత దాన్ని వెనక్కి తీసుకోవడానికి గానీ డబ్బు తిరిగి ఇవ్వడానికి గానీ నిరాకరించకూడదు. ప్రతి ఈ-కామర్స్ సంస్థా ఫిర్యాదులు చూసే ఒక గ్రీవెన్స్ ఆఫీసర్‌ను నియమించి, ఆయన పేరు, సంప్రదించే వివరాలు తన వేదికపై కనిపించేలా ఉంచాలి. ఫిర్యాదు అందినట్టు ఆ అధికారి 48 గంటల్లో తెలపాలి, నెల లోపల పరిష్కరించాలి.

నేను చాట్ మానేసి ఆ అధికారికి ఈమెయిల్ రాశాను. ఆర్డర్ నంబరు, వస్తువు అందిన తేదీ, లోపం బయటపడిన తేదీ రాసి, బిల్లు, అరిగిన కప్లర్ ఫొటో, "గడువు అయిపోయింది" అన్న జవాబు తాలూకు స్క్రీన్‌షాట్ జతచేశాను. ఆ స్క్రీన్‌షాట్ ముఖ్యమండీ, ఎందుకంటే చాట్ మూసేశాక ఆ మాటలు మళ్లీ మనకు దొరకకపోవచ్చు. చివరి వాక్యంలో నాకు మరో మిక్సీ వద్దని, కూపన్లు వద్దని, చెల్లించిన ఖాతాకే డబ్బు రావాలని స్పష్టంగా రాశాను. ఇరవై రెండో రోజున 3,800 రూపాయలు ఖాతాలో పడ్డాయి.

అలా పడకపోయి ఉంటే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసేవాణ్ని. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. విక్రేత ఏ రాష్ట్రంలో ఉన్నా సరే, మనం నివసించే చోటే కేసు వేయవచ్చని 2019 చట్టం చెబుతోంది. గుంటూరులో ఉన్నవారు గుంటూరులోనే వేయవచ్చు. వస్తువు ధర ఐదు లక్షలు దాటకపోతే ఫీజు లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు, సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల వరకు సమయముంది. పేదవాడు వాడుకోగల చట్టం ఏదైనా ఉందంటే అది ఇదేనని నా నమ్మకం.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. రిఫండు ఆలస్యమైనప్పుడు కంగారులో కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతికి, మోసగాళ్ల చేతిలో పడుతున్నవారు ఉన్నారు. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే తప్ప తీసుకోవడానికి అవసరం లేదు. పిన్ అడిగారంటే అది మోసమే. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

సభ ముగిశాక ఓ గంటసేపు ఇక్కడే ఉంటాను. ఫోనులో బిల్లు ఉన్నవారు దగ్గరకు రండి, మీ ఈమెయిల్ ఇక్కడే కూర్చుని రాద్దాం.