చెవితో తిన్న హోటళ్లు

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినవాళ్లు ఫోన్‌లో ఏమన్నారంటే, "మీరు ఇరవై ఏళ్లుగా ఊళ్లు పట్టుకు తిరుగుతున్నారు కదా, మీకు నచ్చిన హోటళ్ల గురించి చెప్పండి, పిల్లలకు సరదాగా ఉంటుంది" అన్నారు. సరేనన్నాను కానీ తరువాత టెన్షన్ పట్టుకుంది. నేను వంటవాణ్ణి కాను. రుచుల గురించి రాసేవాణ్ణీ కాను. డాక్యుమెంటరీలకు సౌండ్ రికార్డ్ చేస్తాను. షూటింగ్‌లో కెమెరామన్ అందరికీ కనబడతాడు. అతని పక్కన పొడుగాటి కర్ర చివర బొచ్చు తొడిగిన మైకు పట్టుకుని, చేతులు పీకుతున్నా కదలకుండా నిలబడేది నేను. ఆ బొచ్చు గాలి హోరును ఆపడానికి. దాన్ని మావాళ్లు డెడ్ క్యాట్ అంటారు. అన్నం దగ్గర చెప్పుకునే పేరు కాదనుకోండి.

అలా బతికినవాడికి ఏ హోటల్‌కు వెళ్లినా ముందు చెవి పనిచేస్తుంది. నాలుక వంతు తరువాత.

అన్నట్టు మనకు హోటల్ అంటే తినే చోటు. పడుకునేది లాడ్జి. ఢిల్లీ నుంచి వచ్చిన మా ప్రొడక్షన్ కుర్రాడు ఒకడు రాజమండ్రి స్టేషన్ బయట ఆటో ఎక్కి, "మంచి హోటల్‌కు తీసుకెళ్లు" అన్నాడు. ఆటో అతను పెద్ద మనసుతో తీసుకెళ్లి, సూట్‌కేసుతో సహా వేడి వేడి పెసరట్లు వేసే బడ్డీ ముందు దించాడు. కుర్రాడు రెండు తిని, ఆ తరువాత ఫోన్ చేశాడు. ఈ రోజు నేను రెండు రకాల హోటళ్ల గురించీ మాట్లాడతాను.

మా పనిలో రూమ్ టోన్ అని ఒకటుంది. ఒక గదిలో షూటింగ్ అయిపోయాక అందరినీ కదలకుండా నిలబెట్టి, ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం పాటు ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డ్ చేస్తాం. ఎడిటింగ్‌లో మాటకూ మాటకూ మధ్య ఖాళీ వచ్చినప్పుడు అక్కడ ఆ నిశ్శబ్దాన్ని అతుకుతాం. ఏ గది నిశ్శబ్దం ఆ గదిదే. ఇంకో గదిది తెచ్చి పెడితే వినేవాడికి ఏదో తేడా కొడుతుంది, అదేమిటో చెప్పలేడు.

ఈ నిశ్శబ్దానికి మొదటి శత్రువు ఫ్రిజ్. మన కరెంటు 50 హెర్ట్జ్. ఫ్రిజ్‌లూ, ట్యూబ్‌లైట్ చోకులూ ఆ లెక్కలోనే సన్నగా గుయ్యిమంటుంటాయి. మనకు అలవాటై వినబడదు, మైకుకు వినబడుతుంది. అందుకని షాట్ ముందు ఫ్రిజ్ ఆపేయిస్తాం. ఒకసారి ఒక చిన్న ఊళ్లో మెస్ నడిపే ఆవిడతో ఇంటర్వ్యూ. ఫ్రిజ్ స్విచ్ నేనే తీశాను. ఇంటర్వ్యూ బ్రహ్మాండంగా వచ్చింది. ఆ ఆనందంలో సామాను సర్దుకుని వచ్చేశాం. మర్నాడు ఆవిడ ఫోన్: "బాబూ, పాలన్నీ విరిగిపోయాయి. నువ్వు తీసిన స్విచ్చేనా?" నాదే. మళ్లీ వెళ్లి డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. విరిగిన పాలతో చేసిన కోవా చేతిలో పెట్టింది. సిగ్గుతో తిన్నాను, చాలా బాగుంది. అప్పటి నుంచి ఫ్రిజ్ ఆపితే నా కారు తాళం చెవి ఆ ఫ్రిజ్ లోపల పెడతాను. మళ్లీ ఆన్ చెయ్యకుండా ఊరు దాటలేను. ఇది నేను కనిపెట్టిన చిట్కా కాదు, మా వృత్తిలో పాతదే. నాకు మాత్రం పాలు విరిగాక గుర్తొచ్చింది.

రెండో శత్రువు పాట. హోటల్లో వెనక సినిమా పాట పెడితే నాకు ఆర్డర్ ఇవ్వక ముందే సగం కోపం వచ్చేస్తుంది. అక్కడ ఎవరి మాటైనా రికార్డ్ చేస్తే ఆ పాట కూడా అందులో పడుతుంది. పడితే దాని హక్కులు కొనాలి. కొన్నా, మాట మధ్యలో కత్తిరించగానే పాట కుంటుతుంది. కానీ అసలు కోపం అందుకు కూడా కాదు. ఆ పాట కింద వంటిల్లు వినబడదు. నాకు ఇష్టమైన హోటళ్లన్నిటిలో పని వినబడుతుంది. పెనం మీద నీళ్లు చల్లి చీపురుతో ఊడ్చినప్పుడు వచ్చే ఆ 'సుయ్'మనే చప్పుడు విన్నాక, అట్టు ఎలా వస్తుందో నేను సగం చెప్పగలను. నీళ్లు పడగానే ఆవిరైతే ఒక చప్పుడు. పెనం మరీ కాలిపోతే చుక్కలు వెంటనే ఆవిరి కాకుండా ముత్యాల్లా దొర్లుతాయి, అప్పుడు చప్పుడే రాదు. ఆ పెనం మీద పిండి పోస్తే అంటుకోదు, మాడుతుంది. మంచి మాస్టర్ ఆ చుక్కల వైపు చూడడు, వింటాడు.

ఇక నా మొదటి హోటల్. తిరువనంతపురంలో తంపానూరు బస్టాండు దగ్గర ఇండియన్ కాఫీ హౌస్. మీలో ఎంతమంది చూశారో. రైలు దిగి బయటికొస్తే ఎర్ర ఇటుకల గుండ్రటి గోపురం లాంటిది కనబడుతుంది. ఇంగ్లండ్‌లో పుట్టి కేరళలో స్థిరపడిన లారీ బేకర్ కట్టిన భవనం. లోపల అంతస్తులు లేవు, మెట్లు లేవు. కింద నుంచి పైదాకా పాము చుట్టలా తిరిగే ఒకటే వాలు దారి. దాని అంచున, బయటి గోడ వెంట, కట్టడంలోనే భాగంగా బల్లలు, కూర్చునే దిమ్మెలు. నేల వాలుగా ఉన్నా బల్ల మాత్రం సమంగా ఉంటుంది. గ్లాసు జారదు. గోడ నిండా చిన్న చిన్న కన్నాలు, వాటిలోంచి గాలీ వెలుతురూ వస్తాయి. బస్టాండు హారన్లు కూడా వస్తాయనుకోండి.

మొదటిసారి వెళ్లినప్పుడు మధ్య చుట్టులో కూర్చున్నాను. తెల్ల బట్టలు, తలపాగా మీద విసనకర్రలా విచ్చుకున్న కుచ్చు, అలా ఉంటారు సర్వర్లు. కళ్లు మూసుకుని వింటే ఎవరు ఎక్కుతున్నారో ఎవరు దిగుతున్నారో తెలిసిపోతోంది. ఎక్కేవాడి అడుగు బరువుగా, ఎడంగా పడుతుంది, చేతిలో నిండు ట్రే కదా. దిగేటప్పుడు అడుగులు చిన్నవి, గబగబా. ఖాళీ గ్లాసులు ఒకదానికొకటి తగులుతూ వస్తాయి. ఆ చప్పుడు నా కుడి చెవి వైపు మొదలై, వెనక నుంచి తిరిగి, ఎడమ వైపుకు వచ్చి, కింద కలిసిపోతుంది. స్టూడియోలో ఒక చప్పుడును మనిషి చుట్టూ తిప్పడానికి మేం గంటలు గంటలు కష్టపడతాం. అక్కడ కాఫీ ధరకు దొరుకుతుంది.

ఆ సర్వర్లే యజమానులు కూడా. ప్రభుత్వ కాఫీ బోర్డు 1950ల్లో తన కాఫీ హౌస్‌లను మూసేస్తుంటే పని పోయిన కార్మికులు కేరళ కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ అండతో సహకార సంఘాలు పెట్టుకున్నారు. 1957లో బెంగళూరులో మొదలైంది, మరుసటి ఏడాది త్రిశూర్‌లో. ఆ వరసలోదే ఇదీ. అక్కడ మసాలా దోసెలో బీట్‌రూట్ ఉంటుంది, కట్లెట్‌లోనూ ఉంటుంది. తెలుగువాడు మొదటిసారి దోసె విప్పి ఆ ఎరుపు చూసి కంగారుపడతాడు. నేనూ పడ్డాను. రుచికి వంక పెట్టను, కానీ మన ఉల్లిపాయ, బంగాళాదుంప కూరే నాకు ఇష్టం. అక్కడికి నేను దోసె కోసం వెళ్లను.

బెంగళూరు అనగానే గాంధీ బజార్‌లో విద్యార్థి భవన్. 1943లో పెట్టింది. గోడల మీద కన్నడ రచయితల బొమ్మలు. అది చూసినప్పుడల్లా కాస్త అసూయగా ఉంటుంది నాకు. మన హోటళ్లలో దేవుడి పటం ఉంటుంది, యజమాని నాన్నగారి పటం ఉంటుంది, రచయిత పటం నేనింకా చూడలేదు. బయట పేరు రాయించుకుని నిలబడాలి. లోపల సర్వర్ దోసె ప్లేట్లను ఒకదానిమీద ఒకటి, మణికట్టు నుంచి భుజం దాకా పేర్చుకుని వస్తాడు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి పదిహేను దగ్గర తప్పిపోయాను. అన్ని ప్లేట్లూ చప్పుడు చెయ్యకుండా వస్తాయి. కదిలితేనే కదా చప్పుడు, అతని చెయ్యి కదలదు. బల్ల మీద పెట్టేటప్పుడు మాత్రం ఒక్కొక్కటీ 'టక్'. నేను బూమ్, అంటే ఆ మైకు కర్ర, పట్టుకోవడం ఎలాగో కొత్త కుర్రాళ్లకు చెప్పాల్సివస్తే ఆయన్ని చూసిరమ్మంటాను.

అక్కడికి దగ్గర్లోనే లాల్‌బాగ్ రోడ్డు మీద ఎంటీఆర్, అంటే మావళ్లి టిఫిన్ రూమ్. 1924 నాటిది. రెండో ప్రపంచ యుద్ధంలో బియ్యం దొరక్క రవ్వతో ఇడ్లీ వేశారు, రవ్వ ఇడ్లీ అలా పుట్టింది. ఎమర్జెన్సీలో ధరలు తగ్గించమంటే సరుకు నాణ్యత తగ్గించడం ఇష్టం లేక కొన్నాళ్లు హోటలే మూసుకున్నారు. కాఫీ వెండి గ్లాసులో ఇస్తారు. వెండిగ్లాసు చప్పుడు స్టీలు గ్లాసులా ఖంగుమనదు, మెత్తగా ఉంటుంది. నేను దాన్ని బల్ల మీద మూడుసార్లు పెట్టి తీసి విన్నాను. పక్కాయన జరిగి కూర్చున్నాడు.

హైదరాబాద్‌లో ఇరానీ హోటళ్ల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. డికాక్షన్ ఒక పక్క దమ్ మీద, పాలు ఇంకో పక్క మరిగి మరిగి చిక్కబడతాయి, కప్పులో కలుస్తాయి. చార్మినార్ పక్కన నిమ్రాలో తెల్లవారకముందే నిలబడి ఉస్మానియా బిస్కెట్ ముంచుకుంటే ఆ రోజు ఇంకేం జరిగినా ఫరవాలేదనిపిస్తుంది. నా బాధ వేరే. పాత ఇరానీ హోటల్లో పాలరాతి బల్ల మీద పింగాణీ కప్పూ సాసరూ పెడితే వచ్చే చప్పుడు, సాసర్లు కడిగి ఒకదానిమీద ఒకటి పడేసే చప్పుడు, దూరం నుంచే "ఇది ఇరానీ హోటల్" అని చెప్పేది. ఇప్పుడు చాలాచోట్ల కాగితం కప్పులు. కాగితం కప్పుకు చప్పుడు ఉండదు. కొత్త కేఫ్‌లో ఏదైనా సీన్ తీస్తే, పాత సాసర్ల చప్పుడు నా దగ్గరున్న రికార్డింగ్‌లోంచి తీసి వెయ్యమని డైరెక్టర్లు అడుగుతున్నారు. వేస్తున్నాను. తప్పా ఒప్పా అని అడక్కండి.

విజయవాడ గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ వెన్న ఇడ్లీ గురించి చెప్పకపోతే మా అమ్మ ఊరుకోదు కాబట్టి చెప్పాననుకోండి. వేడి ఇడ్లీ మీద వెన్న కరగడానికి చప్పుడు ఉండదు, నాకు అక్కడ పని లేదు. తినడమే.

కాకినాడ సుబ్బయ్య హోటల్ వేరే లెక్క. అక్కడ వినాల్సింది మనుషుల గొంతు. ఆకు ముందు కూర్చున్నాక పొడి, నెయ్యి, పప్పు, కూరలు, పచ్చళ్లు వరసగా వస్తూనే ఉంటాయి. వద్దని చెయ్యి అడ్డం పెట్టినా "కొంచెం అండీ, రుచి చూడండి" అంటూ వేళ్ల సందులోంచి వేసేస్తారు. ఆ "కొంచెం అండీ" నా దగ్గర రికార్డై ఉంది. అందులో 'అండీ' మీద దీర్ఘం గోదావరి జిల్లాలదే, ఇంకెక్కడా అంత సాగదు. నా ముంబై ఎడిటర్‌కు తెలుగు ఒక్క ముక్క రాదు. ఆ ముక్క విని, "ఈయన ఎవరికో అన్నం పెడుతున్నాడు కదూ?" అన్నాడు.

మారేడుమిల్లిలో బొంగు చికెన్ దగ్గర నాకు ఒక పాఠం దొరికింది. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతి ఆకుతో బిగించి నిప్పుల మీద పెడతారు. నూనె చుక్క వెయ్యరు. కాసేపటికి బొంగు బుసకొడుతుంది. కాల్చే ఆవిడను ఉడికిందని ఎలా తెలుస్తుందని అడిగితే, "వినబడట్లా?" అంది. ఆ బుస సన్నబడగానే తీసేసింది. రెండు వైపులా కణుపు మూసుకున్న ఖాళీ ముక్క పొరపాటున నిప్పుల్లో పడితే తుపాకీ పేలినట్టు పేలుతుంది. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉండగా ఒకటి పేలింది. ఆ రోజంతా కుడి చెవి గుయ్యిమంటూనే ఉంది.

పడుకునే హోటళ్ల సంగతి కూడా చెప్పి ముగిస్తాను. తమిళనాడు కారైకుడిలో బంగళా అని ఒక చోటు ఉంది. అరిటాకులో చెట్టినాడు భోజనం పెడతారు, తిన్నాక నడవడం కష్టం. నడవగలిగితే చుట్టుపక్కల చెట్టియార్ల ఇళ్లు చూడండి. ఆత్తంగుడి అనే ఊళ్లో చేసే పలకల నేల, కోడిగుడ్డు తెల్లసొన కలిపిన సున్నంతో అద్దంలా మెరిసే గోడలు. ఆ పలకలను గాజు మీద రంగు సిమెంటు పోసి చేస్తారు, కాల్చరు, నీళ్లలో ఊరబెడతారు. అంత నునుపు గదిలో చప్పట్లు కొడితే చెవులు గింగురుమంటాయి. అదే మధ్య ముంగిట్లోకి వచ్చి కొట్టండి, చప్పుడు ఆకాశంలోకి వెళ్లిపోతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన గది మాత్రం రాజమండ్రిలో గోదావరి గట్టు మీద ఒక మామూలు లాడ్జిలో ఉంది. దుప్పటి బాగోదు, గీజరు పనిచెయ్యదు, పేరు చెప్పను. కిటికీ తెరిస్తే నది. 1900లో రైళ్లు మొదలైన హేవలాక్ వంతెన మీద 1997 నుంచి రైళ్లు లేవు, అది ఊరికే నిలబడి ఉంది. దాని పక్కన కాంక్రీటు ఆర్చి వంతెన, ఇంకాస్త ఎగువన 1974 నాటి రోడ్డూ రైలూ ఉన్న ఇనుప వంతెన. కాంక్రీటు వంతెన మీద రైలు వెళితే బరువైన హోరు, దుప్పటి కింద మాట్లాడినట్టు. ఇనుప వంతెన మీద వెళితే ప్రతి కమ్మీ పలుకుతుంది. దూరాన గణగణ. రాత్రి రెండింటికి పక్క మీద పడుకుని ఏ రైలు ఏ వంతెన ఎక్కిందో చెప్పుకుంటూ ఉంటాను. కొవ్వూరు వైపు నుంచి వచ్చేది ముందు నీళ్ల మీద వినబడుతుంది, తరువాత గాలిలో. మా ఆవిడ ఒకసారి నాతో వచ్చింది. రెండో రైలుకు లేచి కూర్చుని, "ఇంకెప్పుడూ నీతో ఈ గదికి రాను" అంది. రాలేదు కూడా.

మీలో ఎవరైనా ఇవన్నీ చూద్దామని బయల్దేరితే ఒక్క సంగతి. విద్యార్థి భవన్‌కు శుక్రవారం సెలవు. నేను రెండుసార్లు శుక్రవారమే వెళ్లి, మూసిన తలుపు చూసి తిరిగొచ్చాను.