గుండీ తప్పిన షాట్

హోస్ట్: ఇందాక మైకు ఆన్ చేయకముందు ఒక మాటన్నారు. అది మళ్లీ చెప్పండి.

అతిథి: అదా! చదువుకున్న మీడియా థియరీ ఏదీ నా మ్యూజిక్ వీడియో షూటింగ్ రోజు గుర్తు రాలేదన్నాను. ఎడిటింగ్‌కి కూర్చున్నాక మాత్రం వదలకుండా వెంటపడింది.

హోస్ట్: ముందు ఎవరు వెంటపడ్డారు?

అతిథి: ఆండ్రూ గుడ్విన్. మ్యూజిక్ టెలివిజన్ మీద 1992లో పుస్తకం రాశాడు. పాటలో మాటకీ తెరమీద బొమ్మకీ మూడు రకాల చుట్టరికం ఉంటుందంటాడు. మాట చెప్పిందే బొమ్మ చూపించడం ఒకటి. దానికి ఇంకో అర్థం కలపడం రెండోది. మాట ఒకవైపు, బొమ్మ ఇంకోవైపు పోవడం మూడోది. నా మొదటి కట్ మొత్తం మొదటి రకమే. పాటలో వాన అంటే వాన, తలుపు అంటే తలుపు! పిల్లలకు అక్షరాలు నేర్పే చార్టులా ఉంది.

హోస్ట్: (నవ్వు) మరి ఏం చేశారు?

అతిథి: చరణంలో “నేను బాగానే ఉన్నా” అని వస్తుంది. అక్కడ నవ్వు ముఖం క్లోజప్ పెట్టాను. గాయకుడి ముఖం కనపడాలని నిర్మాతల పట్టు కూడా ఉందిలెండి. అదీ గుడ్విన్ చెప్పిందే. కానీ పక్కన పడేసిన ఫుటేజీలో ఇంకోటి దొరికింది. గాయకుడు అద్దం ముందు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఒకటి తప్పింది. కాలరు ఒక పక్క పైకి లేచింది. చివరి గుండీకి కాజా లేక చేతులు అక్కడే ఆగిపోయాయి. “బాగానే ఉన్నా” అన్న మాట దానిమీద వేసి చూశాను. ఇక క్లోజప్ జోలికి పోలేదు.

హోస్ట్: డ్యాన్సర్ షాట్ గురించి కూడా ఏదో అన్నారు.

అతిథి: అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. సినిమా కెమెరా ఆడవాళ్లని మగచూపుతోనే చూస్తుందని సినిమా సిద్ధాంతకర్త లారా మల్వీ 1975లో రాసింది. నా షాట్‌లో కెమెరా పాదాల దగ్గర మొదలై మెల్లగా పైకి వెళ్తుంది. పాట 120 బీపీఎం, అంటే నిమిషానికి 120 బీట్లు; వీడియో సెకనుకు 24 ఫ్రేములు. అంటే బీటుకు 12. ముఖం వచ్చేసరికి నాలుగు బీట్లయ్యాయి. 48 ఫ్రేములపాటు ఆ అమ్మాయికి ముఖమే లేదు! తీసిందేమో నేను, ఆడదాన్నే.

హోస్ట్: షాట్ తిరగేసి ముఖంతో మొదలుపెట్టొచ్చుగా?

అతిథి: డ్యాన్స్ తిరగేస్తే ఇట్టే తెలిసిపోతుందండీ. ముఖం ఉన్న ముక్క మాత్రం ఉంచుకుని, మిగతా చోట ఆమె గిర్రున తిరిగే వైడ్ షాట్ వేశాను.

హోస్ట్: ఇంతా చేస్తే జనానికి అర్థమైందా?

అతిథి: అక్కడే మీడియా సిద్ధాంతకర్త స్టువర్ట్ హాల్ దొరికిపోయాడు. తీసినవాళ్లు పెట్టిన అర్థమే చూసేవాళ్లు తీసుకోవాలని లేదని 1973లోనే చెప్పాడు. రఫ్ కట్ ఐదుగురికి చూపించా. ముగ్గురు గుండీ దగ్గర వీడియో ఆపి, “కంటిన్యుటీ పోయింది, చూసుకోలేదా?” అన్నారు.

హోస్ట్: అయ్యో! తీసేశారా?

అతిథి: లేదు, ఇంకో సెకను పొడిగించా. రెండు బీట్లు. అతను కిందికి చూసుకుంటాడు, తప్పిందని తెలుస్తుంది, సరిచేసుకోకుండా అలాగే వెళ్లిపోతాడు.

హోస్ట్: తర్వాత ఎవరూ ఏమీ అనలేదా?

అతిథి: ఒక్కరే అన్నారు. మా కెమెరామన్.