నురుగు పెట్టి ఆగండి

శ్రోతలందరికీ నమస్కారం.

కారు టైరులో మేకు దిగితే అది పంచరు. కంటికి కనిపిస్తుంది, పావుగంటలో పని అయిపోతుంది. ఈరోజు నేను మాట్లాడేది దాని గురించి కాదు. ఈ సోమవారం గాలి కొట్టిస్తే వచ్చే సోమవారానికి గాలి మీటరు మీద నాలుగు పాయింట్లు (పీఎస్ఐ) తగ్గిపోయే టైరు గురించి. మేకు ఉండదు. చప్పుడు ఉండదు. షాపులో నీళ్ళలో ముంచి చూసి "ఏమీ లేదు సార్" అంటారు. అయినా గాలి పోతూనే ఉంటుంది.

నా కారుకి రెండు నెలలు ఇదే జరిగింది. మాది ఒడిశాలోని రాయగడ. నెలకోసారి మా అమ్మని కంటి పరీక్షకి విశాఖపట్నం తీసుకెళ్తాను. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరతాం. పార్వతీపురం చేరేదాకా చీకటి. వెనక సీట్లో అమ్మ నిద్రపోతూ ఉంటుంది, నా ధ్యాసంతా ఎడమ వెనక చక్రం మీద ఉంటుంది. బండి కొంచెం పక్కకి లాగినట్టు అనిపిస్తే చాలు, ఆపి, దిగి, సెల్‌ఫోను వెలుతురులో చూసుకోవడం. ఆ టెన్షన్ పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

టెన్షన్ పడటం తప్పు కాదు. గాలి తగ్గిన టైరు బరువుకి పక్కలు ఉబ్బి వంగుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ అలా వంగుతుంది, మళ్ళీ లేస్తుంది. వంగి లేచి, వంగి లేచి వేడెక్కుతుంది. ఎండలో, వేగంగా, నిండా మనుషులతో వెళ్తున్నప్పుడు ఆ వేడికే టైరు పేలిపోతుంది. అందుకే వారానికోసారి గాలి కొట్టించుకుంటే సరిపోతుందిలే అని ఊరుకోవద్దని నా మనవి.

నేను మొదట చేసిన మంచి పని ఒకటుంది. సొంతంగా ఒక గాలి మీటరు కొనుక్కున్నాను. అరచేతిలో ఇమిడిపోయేది. ప్రతి సోమవారం పొద్దున్నే, బండి కదలక ముందు, నాలుగు చక్రాలూ కొలిచి పాల లెక్క రాసే క్యాలెండరు మీదే రాసేవాణ్ణి. బండి కదలక ముందే ఎందుకంటే, నడిచిన టైరు వేడెక్కి అంకె ఎక్కువ చూపిస్తుంది. మొదటి సోమవారం నాలుగూ 33. రెండో సోమవారం మూడు చక్రాలు 33, ఎడమ వెనకది 29. మళ్ళీ 33 చేయించాను. మూడో సోమవారం మళ్ళీ 29.

ఈ అంకెలు ఎందుకు చదువుతున్నానంటే, నాలుగు చక్రాలూ కలిసి తగ్గితే అది లీకు కాకపోవచ్చు. చలి పెరిగితే గాలి ముడుచుకుంటుంది. సుమారు ఆరు డిగ్రీల చలికి ఒక పాయింటు తగ్గుతుంది. మన్యంలో డిసెంబరు పొద్దులు మీకు తెలియనివి కావు. ఇంకొకటి. రాయగడలో కొలిచి, ఘాటీ ఎక్కి కోరాపుట్‌లో మళ్ళీ కొలవకండి. కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తు. అక్కడ బయటి గాలి పలచన కాబట్టి, లోపలి గాలి మారకపోయినా మీటరు సుమారు ఒక పాయింటు ఎక్కువ చూపిస్తుంది. ఒకే చోట, ఒకే వేళ కొలవాలి. నాలుగూ తగ్గితే వాతావరణం. ఒక్కటే తగ్గితే లీకు. మంచి టైరు కూడా నెలకి ఒకటి రెండు పాయింట్లు వదులుతుంది, దానికి కంగారు లేదు.

సరే, లీకని తేలింది. షాపుకి వెళ్ళాను. మొదటి చోట చక్రం విప్పి నీళ్ళ తొట్టిలో గిర్రున ఒక చుట్టు తిప్పారు. ఏమీ లేదన్నారు. రెండో చోట వాల్వ్ పిన్ మార్చారు. వారం తిరిగేసరికి మళ్ళీ 29. మూడో చోట "ట్యూబు వేసేయండి, గొడవ వదిలిపోతుంది" అన్నారు. అది నాకు నచ్చలేదు. జబ్బేమిటో తెలియకుండా మందు మింగినట్టుంటుంది. పైగా ట్యూబ్‌లెస్ టైరు లోపల ట్యూబు పెడితే రెంటి మధ్యా రాపిడి, వేడి. మేకు దిగితే ఆ ట్యూబు గాలి ఒక్కసారిగా పోతుంది.

ఆ తర్వాత తేరుబలి వెళ్ళే దారిలో, చింతచెట్టు కింద చిన్న పాకలో పంచర్లు వేసే ఒక ఒడియా పెద్దాయన దగ్గర ఆగాను. అరవై దాటి ఉంటాయి. నా క్యాలెండరు కాగితం చూపించాను. అంతకుముందు ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. ఆయన చదివి, ఆ 29ల మీద వేలు పెట్టి, నెమ్మదిగా అంటాడు కదా, ఇది నీళ్ళ తొట్టికి దొరకదు.

చక్రం విప్పాడు. గాలి 35 దాకా కొట్టాడు. దాన్ని తొట్టిలో ముంచలేదు. ఒక పాత లారీ టైరు మీద పళ్ళెంలా పడుకోబెట్టాడు. మగ్గులో నీళ్ళు పోసి, షాంపూ పొట్లం ఒకటి చింపి కలిపాడు. చేత్తో గిలక్కొట్టలేదు, నురుగు రాకుండా మెల్లగా కలిపాడు. టైరు అంచు రిమ్ములో కూర్చునే చోట చుట్టూ ఒక గాడిలా ఉంటుంది చూడండి, ఆ గాడి నిండా ఆ నీళ్ళు పోశాడు. వాల్వ్ నోట్లో ఒక చుక్క, వాల్వ్ మొదట్లో రెండు చుక్కలు. ఇక పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

నేను వంగి చూస్తున్నాను. ఏమీ లేదు. ఒక నిమిషం అయింది. ఏమీ లేదన్నాను. ఆయన చెయ్యి ఎత్తి, "టికె రుహంతు బాబు" అన్నాడు. ఒడియా తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను, కాస్త ఆగండి అని. ఐదు నిమిషాలయింది. ఇటువైపు ఏమీ లేదని చక్రం తిరగేశాడు. కారుకి బిగించి ఉన్నప్పుడు లోపలికి ఉండే వైపు అది. బురద, బ్రేకు నుంచి రాలే నల్లటి పొడి అంతా అటే. బ్రష్షుతో తోమి, కడిగి, మళ్ళీ గాడి నిండా నీళ్ళు పోశాడు. మళ్ళీ కూర్చున్నాడు. టికె రుహంతు.

రెండు నిమిషాలు. మూడు నిమిషాలు. అప్పుడు ఒకచోట, నాలుగు వేళ్ళ మేర, అంచు వెంట సన్నగా తెల్లబడింది. బుడగలు కావవి. చీమ గుడ్లు ఒకచోట పేర్చినట్టు. చూస్తుండగా కొంచెం కొంచెం ఎక్కువయింది. రెండు నెలల నుంచి నన్ను చీకట్లో బండి దింపిన లీకు అదే. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఆయన సుద్దముక్కతో అక్కడ ఒక గీత గీశాడు. టైరు మీదా, రిమ్ము మీదా కలిసేలా ఒకే గీత. ఈ గీత సంగతి దయచేసి గుర్తు పెట్టుకోండి. టైరు విప్పాక తప్పు ఎక్కడుందో ఆ గీతే చెప్తుంది. రిమ్ము మీద గీత దగ్గర తుప్పు ఉందా, టైరు మీద గీత దగ్గర కోత ఉందా అని రెండూ చూడొచ్చు. గీత గీయకుండా విప్పేస్తే, అంత కష్టపడి దొరికించుకున్నది మళ్ళీ పోగొట్టుకున్నట్టే.

విప్పి చూస్తే టైరు అంచు శుభ్రంగా ఉంది. రిమ్ము మీద, సరిగ్గా గీత దగ్గర, రంగు పొక్కులా లేచింది. గోటితో గీకితే కింద తుప్పు రాలింది. ఆ ముందు వానాకాలం బండి నెలన్నర కదలకుండా తడిమట్టిలో నిలబడింది. అక్కడ మొదలై ఉంటుందని నా నమ్మకం. ఆయన తీగ బ్రష్షుతో, తర్వాత గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్దాడు. తడిలేకుండా తుడిచాడు. టైరు అంచుకి గాలి పోకుండా ఆపే సీలరు పూసి, ఎక్కించి, 33 కొట్టి, మళ్ళీ షాంపూ నీళ్ళు పోసి, మళ్ళీ ఐదు నిమిషాలు కూర్చున్నాడు. బాగయిందని తెలిసినా కూర్చున్నాడు. అది నాకు చాలా నచ్చింది.

మరి నీళ్ళ తొట్టిలో ఎందుకు దొరకలేదు? ఇంటికి వచ్చి లెక్క వేసుకున్నాను. చిన్న కారు టైరులో సుమారు 25 లీటర్ల చోటు ఉంటుందనుకుందాం. వారంలో 4 పాయింట్లు పోయిందంటే బయటికి వచ్చిన గాలి ఏడు లీటర్ల లోపే. అది వారమంతా సమంగా వచ్చిందనుకుంటే, ఒక టీ స్పూను గాలి రావడానికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. ఏడెనిమిది నిమిషాలకి ఒక టీ స్పూను! అది కూడా ఒకే రంధ్రం నుంచి కాదు, నాలుగు వేళ్ళ పొడవునా సన్నగా కారుతోంది. పది సెకన్లు గిర్రున తిప్పిన తొట్టిలో అది ఎలా కనిపిస్తుంది? ముంచగానే టైరుకి అంటుకుని వచ్చే బుడగలే అంతకన్నా ఎక్కువ. షాపు వాళ్ళని తప్పు పట్టను. బయట పది బళ్ళు ఆగి ఉంటే ఎవరు కూర్చోగలరు?

పాతకాలం టైర్లలో గాలిని ట్యూబు పట్టుకునేది. ట్యూబ్‌లెస్‌లో టైరూ రిమ్మూ కలిసి పట్టుకోవాలి. రెండూ కలిస్తేనే కుండ. అందుకే రిమ్ముకి తుప్పు పట్టినా, గోతిలో పడి వంగినా గాలి పోతుంది. మన ఘాటీ రోడ్ల మీద, గనుల లారీలు తిరిగే దారుల్లో రిమ్ము వంగడం కొత్త కాదు. అల్లాయ్ చక్రమైతే సన్నటి పగులు కూడా ఉండొచ్చు. అది అతుకు వేయించే వస్తువు కాదు, మార్చాల్సిందేనని నా అభిప్రాయం.

చక్రం విప్పకుండానే ఇంటి దగ్గర చూడగలిగింది వాల్వ్. మూత తీసి, సబ్బు నీళ్ళు ఒక చుక్క నోట్లో వేయండి. పొర ఉబ్బితే పిన్ కారుతోంది. రబ్బరు కాడని వేలితో అటూ ఇటూ కొంచెం వంచి, మొదట్లో చుక్క వేయండి. బీటలుంటే అక్కడ నురుగు వస్తుంది. కొత్త టైరు వేయించినప్పుడు వాల్వ్ కూడా కొత్తది వేయించుకోండి, ఆ కొద్ది డబ్బు దగ్గర వెనకాడొద్దు. తర్వాత, నేల మీద నడిచే భాగం అంతా చూడండి. మేకు కనిపిస్తే అక్కడే పీకేయకండి. కొన్ని మేకులు లోపలిదాకా దిగవు. ముందు చుక్క వేసి చూడండి. పాత పంచరు వేసిన చోట కూడా ఒక చుక్క. షాంపూ లేకపోతే కుంకుడు రసం కూడా బాగా పని చేస్తుంది, మా అమ్మ చెప్పింది.

ఇవన్నీ అయ్యాక కూడా దొరకకపోతే అప్పుడు చక్రం విప్పించి, పడుకోబెట్టించి, రెండు వైపులా నురుగు పెట్టించండి. షాపు వాళ్ళకి ముందే చెప్పండి, నాకు తొందర లేదు, అరగంట ఆగుతాను, దానికి వేరే డబ్బిస్తాను అని. రద్దీ లేని మధ్యాహ్నం వేళ వెళ్ళండి. మీ అంకెల కాగితం పట్టుకెళ్ళండి. సుద్దముక్క కూడా మీరే పట్టుకెళ్ళండి. టైరులో పోసే జిగురు సీసాల జోలికి మాత్రం ముందే వెళ్ళకండి. అవి దారిలో ఆగిపోయినప్పుడు ఇల్లు చేరడానికి పనికొస్తాయి. ఇంటి దగ్గర వాడితే లోపలంతా జిగురు పట్టి, తర్వాత లీకు వెతకడం ఇంకా కష్టమవుతుంది.

కొత్త బండి కొనగానే మజ్జిగౌరమ్మ గుడికి తీసుకెళ్తాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ముందుకి నడుపుతాం. ఆ రోజు నాలుగు చక్రాలకీ బొట్టు పెడతాం. ఐదోది డిక్కీలో ఉంటుంది.

మా ఎడమ వెనక చక్రం ఇప్పుడు బాగుంది. అంతకుముందు సోమవారం 33, మొన్న సోమవారం కూడా 33. కాగితం మీద రాసుకున్నాక ఎందుకో డిక్కీ తెరిచి స్టెప్నీ కూడా కొలిచాను. 19 చూపించింది. ఎన్నాళ్ళుగా అలా ఉందో. ఈ ఆదివారం దాన్ని వాకిట్లో పడుకోబెట్టి, గాడి నిండా షాంపూ నీళ్ళు పోసి, పక్కన పీట వేసుకుని కూర్చుంటాను. మీరు కూడా మీ స్టెప్నీ ఒకసారి కొలవండి.

సెలవు. నమస్కారం.